నాన్న ఇంకా బండి నడపొచ్చా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి, మెట్టు మెట్టుగా

నాన్న కారు తాళాలు తీసుకుంటే వద్దనలేం, వెళ్లాక తిరిగొచ్చేదాకా కుదురుగా కూర్చోలేం. ఈ టెన్షన్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. కారు కాకపోతే స్కూటీ, స్కూటీ కాకపోతే పొలానికి వెళ్లే ఎక్సెల్ బండి. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు, ఫోన్‌లో "నెమ్మదిగా వెళ్లు నాన్నా" అనడం తప్ప ఇంకేం చేయాలో తెలీదు. కొందరు భయపడిపోయి ఒక్కసారిగా తాళాలు లాగేసుకుంటారు, కొందరు గొడవెందుకులే అని ఏదో ఒకటి జరిగేదాకా ఊరుకుంటారు. బాగా నడిపే మనిషి దగ్గర తాళాలు లాక్కోవడం ఆయనకి అన్యాయం, నడపలేని మనిషిని వదిలేయడం ఆయనతో పాటు రోడ్డు పక్కన నడిచిపోయే ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా అన్యాయం.

వయసు చూసి తేల్చే విషయం కాదిది. 78 ఏళ్లకి శుభ్రంగా నడిపేవాళ్లున్నారు, 58కే షుగర్ అదుపులో లేక రోడ్డు మీద కళ్లు తిరిగేవాళ్లున్నారు. చూడాల్సినవి మూడు: కళ్లు ఎంత చూస్తున్నాయి, చూసినదాన్ని మెదడు ఎంత తొందరగా అందుకుంటోంది, అందుకున్నాక చేయీ కాలూ మెడా మాట వింటున్నాయా. ఈ మూడూ ఇంట్లోనే చాలావరకు చూడొచ్చు, మిగతాది డాక్టర్ల దగ్గర. ఎలాగో వరసగా చెప్తాను.

లైసెన్స్ ఉంది కదా అంటారా?

లైసెన్స్ రెన్యువల్ అయింది కాబట్టి అంతా బాగున్నట్టే అనుకోకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 55 దాటాక లైసెన్స్ 5 ఏళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. 40 దాటినవాళ్లు ఫామ్ 1ఏ అనే మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వాలి, దాని మీద డాక్టర్ సంతకం ఉండాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ 69లో సర్టిఫికెట్ ఇచ్చిన మనిషిని మళ్లీ 74 వచ్చేదాకా ఎవరూ అడగరు, ఈలోగా శుక్లాలు రావచ్చు, పక్షవాతం రావచ్చు, మతిమరుపు మొదలవ్వచ్చు. జపాన్‌లో 75 దాటితే రెన్యువల్‌కి జ్ఞాపకశక్తి పరీక్ష తప్పనిసరి. బ్రిటన్‌లో 70 నుంచి 3 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. మన దగ్గర రెన్యువల్‌కి రెన్యువల్‌కి మధ్య కనిపెట్టుకుని ఉండాల్సింది ఇంట్లోవాళ్లే.

ముందుగా: ఇవి ఉంటే ఈరోజే ఆపాలి

కింద చెప్పే మెట్లన్నీ తీరిగ్గా, నెల రోజులు తీసుకుని చేసేవి. కొన్ని విషయాలకి మాత్రం అంత టైమ్ లేదు. ఈమధ్య ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పి పడిపోయినా, పక్షవాతం వచ్చి నెల కూడా కాకపోయినా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, ముందస్తు లక్షణాలేవీ తెలియకుండా షుగర్ పడిపోతున్నా, స్టీరింగ్ ముందు కునుకు పట్టినా, రోజూ వెళ్లే దారిలోనే తప్పిపోయినా, బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కినా తాళాలు పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డాక్టర్ సరే అంటే మళ్లీ నడపొచ్చు, శాశ్వతంగా ఆపేసినట్టేం కాదు. ఆ మాట పెద్దాయనకి కూడా చెప్పండి, కాస్త ఊరటగా ఉంటుంది.

మొదటి మెట్టు: బండిని చూడండి

మనిషిని అడిగేముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి. బంపర్ మూలల్లో గీతలు, ఎడమవైపు వెనక తలుపు మీద సొట్ట, గేటు స్తంభానికి అంటిన రంగు, విరిగిన సైడ్ మిర్రర్. పాత కారుకి గీతలుండటం మామూలే, కాబట్టి ఈ ఆరు నెలల్లో కొత్తగా వచ్చినవి ఎన్ని, అన్నీ ఒకే వైపున ఉన్నాయా అన్నది చూడండి. అన్నీ ఎడమవైపే ఉంటే, అందులోనూ ఎప్పుడో చిన్న స్ట్రోక్ వచ్చిన మనిషి అయితే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మెదడు కుడిభాగంలో దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి ఎడమవైపు ఉన్నది కళ్ల ముందే ఉన్నా ధ్యాసలోకి రాదు.

తర్వాత ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూడండి. తెలంగాణకీ ఆంధ్రకీ వేర్వేరు సైట్లున్నాయి, చాలా చలాన్లకి ఫోటో కూడా ఉంటుంది. నో పార్కింగ్ చలాన్లని పక్కన పెట్టేయండి. ముప్పై ఏళ్లు ఒక్క చలాన్ లేని మనిషికి ఇప్పుడు వరసగా సిగ్నల్ జంపింగ్, రాంగ్ రూట్ పడుతున్నాయంటే సిగ్నల్ ఆలస్యంగా కనిపిస్తోందని అర్థం. మెకానిక్‌ని కూడా అడగండి, అతనికి చాలా తెలుసు. క్లచ్ ప్లేట్లు మామూలు కంటే తొందరగా పోతున్నాయా, బ్రేక్ ప్యాడ్లు ఎలా ఉన్నాయి అంటే దాచకుండా చెప్తాడు. అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్ చెప్తాడు, సార్ రివర్స్ తీసేటప్పుడు నేనే పక్కన నిలబడుతున్నానండీ అని.

చూసినవన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి. తర్వాత డాక్టర్ దగ్గరైనా, నాన్న దగ్గరైనా "ఈమధ్య సరిగ్గా నడపట్లేదు" అనే మాటకి విలువుండదు, "మొన్న శుక్రవారం పెట్రోల్ బంకులో రివర్స్‌లో పోల్‌కి తగిలించారు" అంటే ఉంటుంది.

రెండో మెట్టు: పక్క సీట్లో కూర్చోండి

ఈ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, కాబట్టి దీనికి టైమ్ ఎక్కువ కేటాయించండి. పరీక్ష పెడుతున్నట్టు కాకుండా, నిజంగా పనుండి వెళ్లండి. ఒకసారి పగలు తెలిసిన దారిలో, ఒకసారి తెలియని దారిలో, ఒకసారి పొద్దు గుంకే వేళ. తెలిసిన దారిలో చేయి అలవాటు మీద నడిపేస్తుంది, లోపాలు బయటపడవు. కొత్త దారిలో బోర్డు చదవాలి, లేన్ మారాలి, వెనక హారన్ కొట్టేవాడిని పట్టించుకోవాలి, అన్నీ ఒకేసారి. అప్పుడు తెలుస్తుంది.

కుడివైపు తిరిగే చోట జాగ్రత్తగా చూడండి. మన దగ్గర ఎడమవైపు నడుపుతాం కాబట్టి కుడికి తిరగాలంటే ఎదురొచ్చే బళ్లకి అడ్డంగా వెళ్లాలి. పెద్దవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇలాంటి కూడళ్లలోనే. సిగ్నల్ లేని ఒక జంక్షన్ ఊహించుకోండి. ఎదురుగా ఆటో వస్తోంది, దాని వెనక బస్సు, బస్సు చాటున బైకు, ఎడమ పక్క నుంచి రాంగ్ రూట్‌లో ఇంకో స్కూటీ. బాగా నడిపే మనిషి తల రెండు వైపులా తిప్పుతాడు, ఆటో ఎంత దూరంలో ఉందో, ఎంత స్పీడ్‌లో వస్తోందో అంచనా వేస్తాడు, బస్సు చాటున ఏదో ఉండొచ్చని ఆగుతాడు, ఖాళీ దొరకగానే ఒకే ఊపున వెళ్లిపోతాడు. ఇబ్బంది మొదలైన మనిషి తల ఒకవైపే తిప్పుతాడు. ఆటోని చూసి ఆగుతాడు, అది దాటగానే బస్సుని చూడకుండా కదులుతాడు, సగం తిరిగాక బస్సు కనిపించి రోడ్డు మధ్యలో ఆగిపోతాడు. చుట్టూ హారన్లు మోగుతాయి. ఆయన ముఖంలో కంగారు కంటే "ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?" అన్న ఆశ్చర్యం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ఆశ్చర్యం ఒకటికి రెండు చోట్ల కనిపిస్తే మాత్రం తప్పకుండా రాసుకోండి, చూపులోనో మెదడు వేగంలోనో తేడా ఉందన్నమాట.

ఇంకొకటి. పక్క సీట్లో మామూలుగా అమ్మ కూర్చుంటుంది కదా, ఆమె ఏం చేస్తోందో చూడండి. "బ్రేక్ వేయండి, బ్రేక్", "ఎడమ పక్క బండొస్తోంది", "సిగ్నల్ పడింది" అంటూ దారి పొడుగునా చెప్తూనే ఉంటే నడిపేది ఇద్దరు అన్నమాట. చాలా ఇళ్లలో అమ్మలు ఈ పని ఎప్పుడు మొదలుపెట్టారో వాళ్లకే గుర్తుండదు. మీరు కూర్చున్నప్పుడు ఒక్క మాట కూడా సాయం చేయకుండా ఉండటానికి ప్రయత్నించండి, ప్రమాదం అనిపిస్తే తప్ప. మీ కాలు ఎన్నిసార్లు లేని బ్రేక్‌ని తొక్కిందో గమనించుకోండి.

స్పీడ్ గురించి చాలామంది తప్పుగా అనుకుంటారు. "నాన్న 30 దాటడు, ఏం భయం లేదు" అంటారు. గల్లీలో 30 మంచిదే, ఔటర్ రింగ్ రోడ్డు మీదో విజయవాడ హైవే మీదో అందరూ 80, 100లో వెళ్తుంటే కుడి లేన్‌లో 40లో వెళ్లడం ప్రమాదం. ఎందుకంత నెమ్మదిగా వెళ్తున్నారో అడగండి. ఎదురు లైట్లకి ఏమీ కనిపించట్లేదనో, అన్నీ ఒకేసారి మీద పడుతున్నట్టు ఉందనో అంటే అది డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: 60 స్పీడ్‌లో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేక్ మీదకి కాలు వెళ్లడం ఒక్క సెకను ఆలస్యమైతే 17 మీటర్లు అవతల ఆగుతుంది.

ఆటోమేటిక్ కారు కొనిస్తే సరిపోతుందనేవాళ్లకి ఒక మాట. మోకాళ్ల నొప్పులకి, క్లచ్ తొక్కలేని ఎడమ కాలికి అది నిజంగా మేలే. కానీ పెడల్స్ తికమక పడే మనిషికి మాత్రం ఇవ్వకండి. గేర్ల కారులో పొరపాటున యాక్సిలరేటర్ తొక్కినా ఎడమ కాలు అలవాటుగా క్లచ్ నొక్కి కాపాడే అవకాశం ఉంటుంది, ఆటోమేటిక్‌లో బండి నేరుగా దూకుతుంది.

స్కూటర్ అయితే వెనక కూర్చోకండి, వెనకాల ఇంకో బండి మీద వెళ్లండి. చూడాల్సింది స్పీడ్‌గా వెళ్లేటప్పుడు కాదు, నెమ్మదించినప్పుడు. ఆగబోయేటప్పుడు బండి ఊగుతోందా, రెండు కాళ్లూ ముందే కిందకి దించేసి ఈడ్చుకుంటూ వస్తున్నారా, యూటర్న్‌లో అద్దం చూడకుండా తిప్పేస్తున్నారా, స్పీడ్ బ్రేకర్ దగ్గర చివరి క్షణంలో గట్టిగా బ్రేక్ పడుతోందా, స్టాండ్ వేయడానికి ఎవరినైనా పిలుస్తున్నారా. గుండెకి స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవాళ్లయితే నిలబడ్డ స్కూటర్ మీద నుంచి పడినా తల లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం మామూలు వాళ్లకంటే ఎక్కువ, అందుకే వాళ్ల విషయంలో టూవీలర్‌ని కారు కంటే ముందే ఆపడం మంచిదని నా అభిప్రాయం. ఎన్నేళ్లు నడిపినా సరే హెల్మెట్ లేకుండా గేటు దాటనివ్వకండి.

ఆఖరికి మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి. మీ పిల్లాణ్ని ఆ బండిలో కూర్చోబెట్టి, మీరు లేకుండా, తాతతో స్కూల్‌కి పంపడానికి మీ మనసు ఒప్పుకుంటుందా? ఒప్పుకోకపోతే నోట్‌బుక్‌లో ఏం రాసి ఉన్నా మీ జవాబు మీకు దొరికినట్టే, కారణం వెతకడమే మిగిలింది.

మూడో మెట్టు: ఇంట్లో చేసే చిన్న పరీక్షలు

ఇవి తీర్పు చెప్పే పరీక్షలు కావు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అని చెప్పేవి.

చూపుతో మొదలుపెట్టండి. లైసెన్స్ దరఖాస్తులో ఉండే ఫామ్ 1 ఒక ప్రశ్న అడుగుతుంది: పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేట్ చదవగలరా, ఒక్కో కంటితో విడివిడిగా. 25 మీటర్లంటే పెద్దవాళ్ల అడుగులతో సుమారు 33. కళ్లద్దాలుంటే పెట్టుకుని, తెలియని నంబరున్న కారు చూపించి, ఒక్కో కన్ను మూసి చదివించండి. మన కారు నంబరు చూపిస్తే కంఠస్థం కాబట్టి చదివేస్తారు.

పక్క చూపు ఇంకా ముఖ్యం, దాన్ని ఎవరూ పట్టించుకోరు. గ్లకోమాలో పక్క చూపు మెల్లగా పోతుంది, ఎదుటి చూపు బాగానే ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదు. మీటరు దూరంలో ఎదురెదురుగా కూర్చోండి, ఆయన ఒక కన్ను మూసుకుని మీ ముక్కునే చూడాలి, మీరు చేతులు పక్కలకి చాపి వేళ్లు ఆడిస్తూ లోపలికి తీసుకురండి. మీకు కనిపించే చోట ఆయనకి కనిపించకపోతే కంటి డాక్టర్ దగ్గర ఫీల్డ్ టెస్ట్ చేయించాలి.

మెడ సంగతి చూడటం తేలిక. కుర్చీలో బెల్టు పెట్టుకున్నట్టు నిటారుగా కూర్చోబెట్టి, వెనక గోడ మీద ఉన్న క్యాలెండర్‌లో నెల పేరు చదవమనండి. నడుమంతా తిప్పితే తప్ప చదవలేకపోతే రివర్స్‌లోనూ లేన్ మారేటప్పుడూ వెనక చూడట్లేదన్నమాట.

నడక. 10 అడుగుల దూరం గుర్తుపెట్టి, వీలైనంత వేగంగా వెళ్లి వెనక్కి తిరిగి రమ్మనండి. అమెరికాలో డాక్టర్లు పెద్ద వయసు డ్రైవర్లకి వాడే పరీక్షే ఇది, 9 సెకన్లు దాటితే కాళ్ల సత్తువ, నిలకడ గురించి ఆలోచించాలని లెక్క. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల సంగతి విడిగా చూడండి. మా పెదనాన్నకి గుడి మెట్లు దిగుతుంటే ఒక కాలి చెప్పు జారిపోయి రెండు మెట్ల పైనే ఉండిపోయింది, ఆయన ఉత్తి కాలితో ఆటో దాకా నడిచి వెళ్లాక నేను చెప్తే గానీ తెలియలేదు. చెప్పు జారింది తెలియని పాదానికి బ్రేక్ మీద ఎంత బలం వేస్తోందో కూడా తెలియదు. ఆయన కారు ఆపడానికి అదే కారణమైంది, డాక్టర్ పాదాలకి పరీక్ష చేసి స్పర్శ బాగా తగ్గిందని చెప్పారు.

మెదడు వేగానికి రెండు చిన్న పరీక్షలు. ఒకటి, కాగితం మీద గడియారం గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించమనడం. అంకెలన్నీ ఒకే పక్కకి రావడం, ముళ్లు తప్పు చోట పెట్టడం చూసి వదిలేయాల్సినవి కావు. రెండోది, కాగితం నిండా చిన్న సున్నాలు గీసి కొన్నిట్లో అంకెలు, కొన్నిట్లో అక్షరాలు కలగాపులగంగా రాసి, 1 నుంచి అ, అ నుంచి 2, 2 నుంచి ఆ అంటూ చెయ్యి ఎత్తకుండా గీత కలపమనడం. డాక్టర్లు వాడేదాంట్లో 25 సున్నాలుంటాయి, 3 నిమిషాలు దాటితే లోతుగా చూడాలంటారు. పెద్దగా చదువుకోనివాళ్లకి, రాత అలవాటు తప్పినవాళ్లకి ఈ రెండూ పెట్టకండి, బాగున్న మనిషి కూడా తప్పుతాడు, అనవసరంగా నొచ్చుకుంటాడు.

నాలుగో మెట్టు: మందుల డబ్బా

ఇంట్లో ఉన్న మందులన్నీ, పాత స్ట్రిప్పులతో సహా, బల్ల మీద పోయండి. నిద్ర కోసం, ఆందోళన కోసం ఇచ్చే ఆల్‌ప్రాజోలామ్, క్లోనాజెపామ్, జోల్పిడెమ్ లాంటివి రాత్రి వేసుకున్నా కొందరికి మర్నాడు పొద్దున కూడా మత్తు వదలదు. నరాల మంటకి ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ మగతగా ఉంచుతాయి. జలుబుకి చీటీ లేకుండా కొనే సెట్రిజిన్, సీపీఎం (క్లోర్‌ఫెనిరమైన్) కూడా అంతే, వాటిని ఎవరూ మందుల లెక్కలోకి తీసుకోరు. ప్రోస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్, కొన్ని బీపీ మాత్రలు లేచి నిలబడగానే కళ్లు తిరిగేలా చేస్తాయి. ఇలాంటివి రెండు మూడు కలిస్తే ఒక్కోదాని ప్రభావం ఇంకోదానికి తోడవుతుంది. సొంతంగా ఏదీ ఆపకండి. జాబితా రాసి డాక్టర్‌కి చూపించి, ఈయన బండి నడుపుతారు, వీటిలో మార్చగలిగింది ఏదైనా ఉందా, వేళ మార్చొచ్చా అని అడగండి. చాలాసార్లు మార్చగలిగేది ఉంటుంది.

షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లకి ఎక్కువ షుగర్ కంటే పడిపోయిన షుగర్ రోడ్డు మీద ప్రమాదం. బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడే డ్రైవర్లకి చెప్పే పద్ధతి మనకీ పనికొస్తుంది: బయల్దేరేముందు చూసుకోవాలి, మన లెక్కలో 90 కంటే తక్కువుంటే ఏదైనా తిన్నాకే కదలాలి, దారిలో చెమటలు, వణుకు, అయోమయం అనిపిస్తే పక్కకి ఆపి తాళం తీసేసి తీపి తినాలి, షుగర్ మామూలుకొచ్చిన తర్వాత 45 నిమిషాలు ఆగాలి, ఎందుకంటే అంకె ముందు బాగుపడుతుంది, మెదడు తేరుకోవడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఉపవాసం రోజుల్లో, ముఖ్యంగా ఏకాదశికో శివరాత్రికో మాత్ర వేసుకుని ఏమీ తినకుండా గుడికి బండి తీసేవాళ్లని తప్పకుండా ఆపండి.

మద్యం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, నిద్రమాత్ర వేసుకునే మనిషికి అంతకంటే తక్కువ కూడా ఎక్కువే.

ఐదో మెట్టు: డాక్టర్లు

ముందు కంటి డాక్టర్, తర్వాత మామూలుగా చూసే ఫిజీషియన్, అవసరమైతే న్యూరాలజిస్ట్. వెళ్లిన ప్రతిచోటా "ఈయన కారు నడుపుతారు" అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే డాక్టర్ అడగడు, ఈ వయసులో నడపడనే అనుకుంటాడు. నోట్‌బుక్ తీసుకెళ్లి చూపించండి.

కంటి దగ్గర అద్దాల నంబరుతో ఆగిపోకండి, శుక్లం, ఫీల్డ్ టెస్ట్, రెటీనా మూడూ అడగండి. రెటీనా చూడటానికి చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు మసక ఉంటుంది, ఆరోజు ఆయన్ని డ్రైవ్ చేయనివ్వకండి. ఇందులో సంతోషించాల్సిన విషయం ఒకటుంది: ఎదురు లైట్లు కళ్లలో పగిలినట్టు కనిపిస్తున్నాయి, రాత్రిపూట బోర్డులు తెలియట్లేదు అనేవాళ్లలో చాలామందికి కారణం శుక్లమే, ఆపరేషన్ తర్వాత మళ్లీ హాయిగా నడుపుతారు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి సంస్థలు చిన్న ఊళ్లలో కూడా విజన్ సెంటర్లు పెట్టాయి కాబట్టి దూరం అనే సాకు కూడా అంత లేదు. శుక్లం తీయించకుండానే నాన్న కారు అమ్మేసిన ఇళ్లున్నాయి, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

పక్షవాతం తర్వాత చేయీ కాలూ బాగుపడ్డాయి కదా అని మొదలుపెట్టేయొద్దు. చూపులో ఒక సగం పోయిందా, ధ్యాస ఒక పక్కకి రావట్లేదా అన్నది న్యూరాలజిస్ట్ చూడాలి, అవి ఉంటే మనిషి నడవగలిగినా నడపలేడు. పార్కిన్సన్స్‌లో మందు పనిచేసే వేళల్లో ఒకలా, దిగిపోయే వేళల్లో ఒకలా ఉంటారు, ఏ వేళ నడుపుతున్నారో చెప్పండి. మతిమరుపు జబ్బు మొదటి దశలో కొందరు కొంతకాలం నడపగలరు, కానీ ప్రతి ఆరు నెలలకీ మళ్లీ చూపించుకోవాలి. ముదిరాక ఎవరికీ కుదరదు. మోకాళ్లు, భుజాలు, మెడ పట్టేసినవాళ్లకి ఫిజియోథెరపీతో చాలా మేలు జరుగుతుంది, దాన్ని తక్కువ చేసి చూడకండి.

ఆరో మెట్టు: డ్రైవింగ్ స్కూల్ మాస్టారు

ఇంట్లోవాళ్ల మాట కంటే బయటివాళ్ల మాట పెద్దవాళ్లకి ఎక్కుతుంది. పేరున్న డ్రైవింగ్ స్కూల్లో, రెండో బ్రేక్ ఉన్న కారులో, అనుభవమున్న మాస్టారితో ఒక గంట నడిపించండి. ముందే మాస్టారికి విషయం చెప్పి, కుడి మలుపులు, రివర్స్, లేన్ మారడం, రద్దీ కూడలి, కొత్త దారి అన్నీ ఉండేలా చూడమనండి, తాను ఎన్నిసార్లు బ్రేక్ తొక్కాల్సి వచ్చిందో కాగితం మీద రాసివ్వమనండి. "సార్, మీ డ్రైవింగ్ బాగుంది, అద్దాలు మాత్రం తక్కువ చూస్తున్నారు" అంటే ఆయన దిద్దుకుంటారు. "నేను లేకపోతే గుద్దేవాళ్లం సార్" అంటే ఆ మాట మీరు పదిసార్లు చెప్పినదానికంటే బలంగా తగులుతుంది.

ఏడో మెట్టు: ఇప్పుడు తేల్చండి

అన్నీ బాగుంటే నడపనివ్వండి, అనుమానం పెట్టుకుని సణగకండి, ఏడాదికోసారి మళ్లీ ఇదంతా చూసుకుంటే చాలు.

కొన్నే తేడాగా ఉంటే హద్దులు పెట్టుకోవచ్చు. చీకటి పడ్డాక వద్దు, వానలో వద్దు, హైవే వద్దు, ఊరికి కొత్త దారులు వద్దు, పిల్లల్ని ఎక్కించుకోవద్దు. విండ్‌షీల్డ్ గీతలు పడి ఉంటే మార్పించండి, ఎదురు లైట్లు అందులో చెదిరి ఇంకా మసకగా కనిపిస్తాయి. సీటు ఎత్తు పెంచండి. కుడి మలుపు కష్టమైతే కాస్త ముందుకెళ్లి సిగ్నల్ ఉన్న చోట తిరిగే దారి కలిసి ఎంచుకోండి. అయితే హద్దులు పాటించాలంటే అవి గుర్తుండాలి. మతిమరుపు ఉన్న మనిషికి "రాత్రి వద్దు నాన్నా" అని చెప్పడం వల్ల ఉపయోగం లేదు, రాత్రి అయ్యేసరికి ఆ మాట ఉండదు. అలాంటి చోట హద్దులు కాకుండా ఆపడమే మార్గం.

ఎనిమిదో మెట్టు: మాట్లాడటం

ఆపాల్సి వస్తే ముందు ప్రయాణాల సంగతి చూసుకుని తర్వాత మాట్లాడండి. ఒక వారంలో ఆయన ఎక్కడెక్కడికి వెళ్తున్నారో రాయండి: పాలు, బ్యాంకు, గుడి, పెన్షనర్ల మీటింగ్, అక్క వాళ్లిల్లు. ఒక్కోదానికి ఏం చేయబోతున్నామో తేల్చుకోండి. ఊళ్లో తెలిసిన ఆటో అతన్ని నెలకి మాట్లాడుకోవచ్చు. దూరం వెళ్లాలంటే యాక్టింగ్ డ్రైవర్‌ని పిలిస్తే సొంత కారులోనే వెళ్లొచ్చు, చాలామంది పెద్దవాళ్లు దీనికి తొందరగా ఒప్పుకుంటారు, కారు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి. ఏపీఎస్ఆర్టీసీలో 60 దాటినవాళ్లకి 25 శాతం రాయితీ ఉంది. అమ్మకైతే రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి. బస్సు రాని పల్లెలో, పొలానికి వెళ్లే మనిషి విషయంలో ఇది నిజంగా కష్టం. అక్కడ పాలేరుతోనో తమ్ముడి కొడుకుతోనో ముందే మాట్లాడి పెట్టుకోకపోతే, ఆయన పొలం వెళ్లడమే మానేస్తారు, మనిషి అక్కడే కుంగిపోతారు.

అల్లుడి ముందో, కోడలి ముందో, పండక్కి అందరూ చేరినప్పుడో ఈ మాట ఎత్తకండి. ఒక్కరే కూర్చోండి, ఆయన ఎవరి మాట వింటారో ఆ ఒక్కరే. "మీకు వయసైపోయింది" అనే మాట ఒక్కసారి నోరు జారితే ఆ తర్వాత ఏం చెప్పినా వినపడదు. ఇలా మొదలుపెట్టొచ్చు: "నాన్నా, మొన్న బ్యాంకు దగ్గర కుడికి తిరిగేటప్పుడు ఆ బస్సు మీకు ఎప్పుడు కనిపించింది?" జవాబు పూర్తిగా వినండి. చాలామందికి లోపల తెలుసు, అడిగేవాళ్లు లేక చెప్పరు. "రాత్రిపూట కష్టంగానే ఉందిరా" అని వాళ్లే అంటారు. ఒక్కరోజులో తేలకపోయినా ఫరవాలేదు, ఆ రాత్రి వదిలేసి మళ్లీ వారం తర్వాత ఎత్తండి.

అస్సలు ఒప్పుకోకపోతే

డాక్టర్‌తో కాగితం మీద రాయించండి, "డ్రైవింగ్ చేయరాదు" అని, తేదీ, సంతకంతో. చట్టంలో రెండు సెక్షన్లున్నాయి, అవి తెలిసి ఉండటం మంచిది. జబ్బు వల్ల నడపడానికి తగినవాడు కాదని తెలిసి కూడా నడిపితే సెక్షన్ 186 కింద మొదటిసారి 1000 రూపాయలు, తర్వాత 2000 జరిమానా. సెక్షన్ 16 ప్రకారం లైసెన్స్ ఇచ్చే అధికారికి తగిన కారణం కనిపిస్తే మెడికల్ సర్టిఫికెట్ తెమ్మనొచ్చు, లైసెన్స్ రద్దూ చేయొచ్చు. కాబట్టి ఆర్టీవోకి డాక్టర్ కాగితం జతచేసి ఉత్తరం రాసే వీలుంది. కన్నతండ్రి మీద రాయడం ఎవరికీ తేలిక కాదు, అయినా మిగతా దారులన్నీ మూసుకుపోతే చేయాల్సిందే. లైసెన్స్ గడువు దాటిపోయి ఉందేమో కూడా చూడండి, గతంలో గడువు తర్వాత 30 రోజుల వెసులుబాటు ఉండేది, 2019 సవరణలో దాన్ని తీసేశారు.

మతిమరుపు ఉన్నవాళ్ల విషయంలో వాదించకండి, లాభం లేదు. తాళాలు, స్పేర్ తాళంతో సహా, కంటికి కనిపించని చోట పెట్టండి. అవసరమైతే మెకానిక్‌తో బ్యాటరీ వైరు తీయించండి. కారు కళ్ల ముందుంటే రోజూ అడుగుతారు, వేరే చోటికి మార్చేస్తే కొన్నాళ్లకి అడగడం తగ్గుతుంది.

పిల్లలు అమెరికాలోనో లండన్‌లోనో ఉంటే ఈ పనులన్నీ ఫోన్‌లో కావు. రెండో మెట్టు మాత్రం మీరు ఇండియా వచ్చినప్పుడు మీరే చేయండి, మొదటిరోజే, ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చిన అలసట తీరగానే. మిగతాది ఊళ్లో ఉన్న కజిన్‌కి ఒప్పజెప్పండి, అతని మీద భారం పడకుండా డాక్టర్ ఖర్చులూ ఆటో నెల డబ్బులూ మీరు చూసుకోండి.

ఆపిన తర్వాత మొదటి రెండు నెలలు దగ్గరుండి చూడండి, గుడికీ స్నేహితుల దగ్గరికీ వెళ్లడం తగ్గితే ఏర్పాటు సరిపోలేదని అర్థం, దాన్ని మార్చండి. కారు అమ్ముతుంటే డబ్బు చేతికొచ్చిన రోజుతో పని అయిపోదు, ఆర్సీ కొనుక్కున్నవాళ్ల పేరు మీదకి మారేదాకా వెంటపడండి, మారకపోతే చలాన్లన్నీ నాన్న పేరుకే వస్తాయి, ప్రమాదం జరిగితే నోటీసు కూడా ఆయనకే వస్తుంది.